వెనుక సీటు నుంచి చూస్తే: రాయలసీమ ఎండకు, రోడ్లకు ఏ లగ్జరీ కారు?

అనంతపురంలోనో కర్నూలులోనో కడపలోనో ఉంటూ, డెబ్బై లక్షల నుంచి కోటి పైచిలుకు వరకు కారు మీద పెట్టదలచుకున్నవారిలో చాలామంది ఆ కారును మొదటిసారి బెంగళూరు షోరూమ్‌లోనో హైదరాబాద్ షోరూమ్‌లోనో చూస్తారు. అక్కడ నేల నున్నగా మెరుస్తుంటుంది, ఏసీ చల్లగా ఉంటుంది, టెస్ట్ డ్రైవ్‌కు తీసుకువెళ్లే రోడ్డు కూడా సేల్స్ వారికి బాగా తెలిసిన మంచి రోడ్డే అయి ఉంటుంది. ఆ పరిస్థితుల్లో ఏ లగ్జరీ కారులో కూర్చున్నా హాయిగానే అనిపిస్తుంది. ఇంటికి వచ్చాక అదే కారు మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో, తాడిపత్రి, బేతంచర్ల వైపు నాపరాళ్ల లారీలు నలగ్గొట్టిన రోడ్ల మీద, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ల మీద తిరగవలసి ఉంటుంది. అందుకే ఈ పోలికను బ్రాండ్ పేర్లతో కాక రోడ్డుతోనూ ఎండతోనూ మొదలుపెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మన జిల్లాల్లో కారు సుఖాన్ని తేల్చేవి టైరు గోడ ఎత్తు, వెనుక సీటు ఆకృతి, అద్దాల గుండా లోపలికి వచ్చే వేడి. డాష్‌బోర్డు మీద తెర ఎన్ని అంగుళాలు, తలుపుల్లో ఎన్ని రంగుల దీపాలు వెలుగుతాయి అన్నవి వాటి తర్వాతి సంగతులు.

యజమాని ఏ సీటులో కూర్చుంటారు?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. గ్రానైట్, సిమెంటు వ్యాపారులు, కాంట్రాక్టర్లు, పేరున్న వైద్యులు మన దగ్గర సాధారణంగా డ్రైవరును పెట్టుకుని వెనుక ఎడమ సీటులో కూర్చుంటారు. అలాంటివారు ముందు సీటులో కూర్చుని టెస్ట్ డ్రైవ్ ముగించుకుని రావడంలో అర్థం లేదు. డ్రైవరును వెంట తీసుకువెళ్లి, అతని చేత నడిపించి, మీరు వెనుక కనీసం అరగంట కూర్చోవాలి. తొడల కింద సీటు మోకాళ్ల దాకా ఆనుతోందా, లేక తొడలు సగం గాలిలో తేలుతున్నాయా అన్నది మొదటి పది నిమిషాల్లో తెలియదు. అరగంట తర్వాత నడుము చెబుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారు అన్నది కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి సెడాన్ సీటు మరీ కిందికి ఉంటుంది, కూర్చోవడం సులువే కానీ లేవడం కష్టం. పెద్ద ఎస్‌యూవీ అయితే దీనికి వ్యతిరేకంగా ఎక్కడమే కష్టం, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని ఫుట్‌బోర్డు మీద కాలు మోపాలి. షోరూమ్‌కు ఆమెను కూడా తీసుకువెళ్లి మూడు నాలుగు సార్లు ఎక్కించి దింపించి చూడటానికి మొహమాటపడవద్దు.

ఇక ఎండ సంగతి. అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మొత్తం మీద దక్షిణ దిక్కుగా పోతుంది. ఉదయం బయలుదేరితే సూర్యుడు తూర్పున, అంటే కారుకు ఎడమ పక్కన ఉంటాడు. సాయంత్రం పని ముగించుకుని ఉత్తరంగా తిరిగి వస్తుంటే పడమటి ఎండ మళ్లీ ఎడమ పక్కనే కొడుతుంది. అంటే యజమాని కూర్చునే సీటుకు పోతూ వస్తూ రెండు పూటలా ఎండ తప్పదు. కర్నూలు వారి పని హైదరాబాద్‌తో కాబట్టి వారి లెక్క సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఉదయం ఉత్తరంగా పోయి సాయంత్రం దక్షిణంగా తిరిగివచ్చేవారికి రెండు పూటలా ఎండ కుడి వైపే పడుతుంది, ఎడమ సీటు నీడలో ఉంటుంది. కడప నుంచి రాయచోటి మీదుగా బెంగళూరుకు వెళ్లేవారు అనంతపురం వారి జాబితాలోకే వస్తారు. కాబట్టి వెనుక తలుపుల అద్దాలకు కంపెనీ బిగించిన సన్‌షేడ్‌లు కర్నూలు వారికి ఉంటే మంచివి, అనంతపురం వారికి లేకపోతే కుదరనివి. వేరియంట్ల పట్టికలో పై రకానికీ కింది రకానికీ మధ్య తేడాగా ఆ ఒక్క సౌకర్యమే మిగిలినా, దాని కోసం పై రకం తీసుకోమనే అంటాను.

నల్ల ఫిల్మ్ అంటించుకుంటే పోలేదా అనుకోవడానికి చట్టం అడ్డు వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక నల్ల అద్దాల మీద తనిఖీలు కూడా గట్టిగా జరిగాయి. అందువల్ల పరారుణ కిరణాలను వెనక్కి తిప్పికొట్టే అద్దాలు కంపెనీ నుంచే వచ్చాయా అని అడగడం మేలు. పైకప్పంతా అద్దంగా ఉండే పనోరమిక్ సన్‌రూఫ్ గురించి ఒక మాట: అది మన ఎండలకు తగిన వస్తువని నేను అనుకోను. చాలా కార్లలో అది వద్దన్నా వస్తుంది కాబట్టి, దాని కింది తెర దళసరి గుడ్డతో ఉందా, పల్చటి జల్లెడలాంటి గుడ్డతో ఉందా అన్నది మధ్యాహ్నం పన్నెండు గంటలకు కారును ఎండలో నిలబెట్టించి, తల మీద చెయ్యి పెట్టి చూసుకోండి.

పనితనాన్ని ఎలా పరీక్షించాలి

చేతిపని అనే మాటను కార్ల కంపెనీలు చాలా ధారాళంగా వాడుతున్నాయి. ఇంగ్లండులోని క్రూ పట్టణంలో బెంట్లీ కార్లకు చెక్క పలకలు అమర్చేటప్పుడు, ఒకే చెట్టు నుంచి తీసిన పలుచటి పొరలను పుస్తకం పుటల్లా విప్పి, ఎడమ వైపు చార కుడి వైపు చారకు అద్దంలో ప్రతిబింబంలా సరిపోయేటట్టు పరుస్తారు. లెక్సస్ సంస్థలో ‘తకుమి’ అని పిలిచే అనుభవజ్ఞులైన పనివారికి పెట్టే పరీక్షల్లో ఒకటి, అలవాటు లేని చేత్తో కాగితాన్ని మడిచి పిల్లి బొమ్మను చేయడం. 2017లో వచ్చిన రోల్స్ రాయిస్ ఫాంటమ్‌లో శబ్దాన్ని అణిచే సరంజామా బరువే 130 కిలోలకు మించి ఉంటుందని కంపెనీ ప్రకటించింది. ఇవన్నీ నిజమే కానీ, కోటి రూపాయల లోపు కారులో కుట్లు, పలకల అమరిక చాలావరకు యంత్రాలే చేస్తాయనీ, మనిషి కన్ను ఎక్కువగా తనిఖీ దశలో పనిచేస్తుందనీ గుర్తుంచుకుంటే ప్రకటనల మాటలకు మోసపోకుండా ఉండవచ్చు. యంత్రం కుట్టినంత మాత్రాన పనితనం తక్కువ కాదు. ఆ యంత్రాన్ని ఎంత శ్రద్ధగా సరిచేసి పెట్టారన్నది వస్తువులో కనిపిస్తూనే ఉంటుంది.

ధర్మవరంలో పట్టుచీర కొనడం తెలిసినవాళ్లు పైట చెంగును తిరగేసి వెనుక వైపు దారాలు చూసినట్టే, కారులో కూడా కంటికి ఎదురుగా లేని చోట్లను చూడాలి. ముందు సీటు అడుగున చెయ్యి పోనిచ్చి అంచులు గరుకుగా ఉన్నాయేమో తడమండి. డిక్కీ మూత లోపలి వైపు గుడ్డ సరిగ్గా అంచుల దాకా ఉందా, మధ్యలో ఇనుము కనిపిస్తోందా చూడండి. వెనుక తలుపు జేబు లోపల మెత్తటి గుడ్డ పరిచారా, ఉత్తి ప్లాస్టిక్ వదిలేశారా అన్నది గమనించండి. పరచకపోతే అందులో పెట్టిన నీళ్ల సీసా ప్రయాణమంతా టకటకలాడుతుంది. సీటు కుట్టు వంపు దగ్గర కూడా ఒకే దూరంలో నడవాలి. చాలా సీట్లలో కుట్టు నేరుగా ఉన్నచోట చక్కగా ఉండి, మూల తిరిగేచోట దారం దగ్గర దగ్గరగా పడి తోలు ముడతలు తేలుతుంది.

తలుపు వేసినప్పుడు వచ్చే బరువైన చప్పుడును చూసి మురిసిపోవద్దు, ఎందుకంటే ఆ చప్పుడును కూడా ఇంజనీర్లు కూర్చుని తయారు చేస్తారు. దానికంటే నమ్మకమైన పరీక్ష ఒకటుంది. వెనుక తలుపు అద్దాన్ని సగం దించి, దాని పై అంచును దగ్గరగా చూడండి. రెండు పలకల మధ్య సన్నటి గీత కనిపిస్తే అది లామినేటెడ్ అద్దం, అంటే గాలి హోరును, లారీల హారన్లను బాగా తగ్గించేది. అంచు ఒకే ముక్కగా ఉంటే మామూలు గట్టి అద్దం. కొన్ని కార్లలో ముందు తలుపులకు లామినేటెడ్ అద్దం పెట్టి వెనుక తలుపులకు మామూలుది బిగించి ఊరుకుంటారు. బ్రోచరులో ‘అకౌస్టిక్ గ్లాస్’ అని మాత్రమే రాసి ఉంటుంది. వెనుక కూర్చునేవారు డబ్బు పెట్టింది ఆ నిశ్శబ్దం కోసమే కాబట్టి ఈ పరీక్షను వదలవద్దు.

లోపలి అలంకారాల్లో నున్నగా మెరిసే పియానో బ్లాక్ పలకలను నేను పూర్తిగా తిరస్కరిస్తాను. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచర్ల చుట్టుపక్కల సిమెంటు, నాపరాయి ధూళి గాలిలో ఎప్పుడూ ఉంటుంది. డ్రైవరు పొద్దున్నే పొడి గుడ్డతో తుడుస్తాడు, ఆ ధూళి సన్నటి ఉప్పుకాగితంలా పనిచేసి, కొద్ది నెలల్లోనే పలక మీద సాలెగూడు లాంటి గీతలు తేలుస్తుంది. ఎంపిక చేసుకునే వీలుంటే, మెరుగు పూత లేకుండా చెక్క రంధ్రాలు చేతికి తగిలే ఓపెన్ పోర్ చెక్కను అడగండి. దాని మీద దుమ్ము, గీతలు అంతగా కనిపించవు, ఎండకు తళుక్కుమని కళ్లలో కొట్టదు.

పనితనానికి చివరి సాక్షి కాలం కాబట్టి, మీరు కొనదలచిన మోడల్‌నే మూడు నాలుగేళ్లుగా వాడుతున్నవారు ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్నారేమో వాకబు చేసి, ఒకసారి అందులో కూర్చోవడం ఏ సమీక్ష చదవడం కంటేనూ మేలు. ఎండకు డాష్‌బోర్డు తోలు అంచుల్లో లేచిందా, గతుకుల మీద తలుపుల్లో కిచకిచలు మొదలయ్యాయా, డ్రైవరు సీటు పక్క దిండు నలిగి కూలిపోయిందా అన్నవి కొత్త కారు ఎంత చూసినా చెప్పలేదు.

తోలు, కృత్రిమ తోలు

లగ్జరీ కారంటే తోలు సీట్లు ఉంటాయన్న లెక్క ఇప్పుడు పనికిరాదు. బెంజిలో ఆర్టికో, బీఎండబ్ల్యూలో సెన్సాటెక్, వెగాంజా, లెక్సస్‌లో నూలక్స్ అనే పేర్లతో ఉన్నవి కృత్రిమ తోళ్లు. అసలు తోలులో ‘సెమీ అనిలిన్’ అనే రకం చేతికి మెత్తగా, గాలి ఆడేటట్టు ఉంటుంది కానీ మరక త్వరగా పడుతుంది. పై పూత దళసరిగా ఉన్న మామూలు తోలు కొంచెం బిరుసుగా ఉన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. కృత్రిమ తోలు తుడవడానికి సులువు, ఎండకు తక్కువగా పగులుతుంది, అయితే చెమటను పీల్చదు. మన వాతావరణంలో ఏ తోలైనా సీటు లోపలి నుంచి గాలి ఆడించే వెంటిలేషన్ లేకపోతే వీపు తడిసిపోతుంది. కృత్రిమ తోలైనా వెంటిలేషన్ ఉన్న సీటు, వెంటిలేషన్ లేని ఖరీదైన తోలు సీటు కంటే అనంతపురంలో ఎక్కువ సుఖాన్నిస్తుంది. ‘వెంటిలేటెడ్ సీట్లు’ అని రాసి ఉంటే అవి ముందు సీట్లకే పరిమితమా, వెనుక వాటికి కూడానా అని అడగండి. ఎక్కువ సందర్భాల్లో ముందు వాటికే ఉంటాయి.

రంగు విషయంలో తెల్ల మీగడ రంగు ఫొటోల్లో అందంగా ఉన్నా, అనంతపురం ఎర్రమట్టికీ నంద్యాల వైపు నల్లరేగడికీ ఆగదు. నల్ల సీటు మట్టిని దాస్తుంది కానీ ఎండలో పెనంలా కాలుతుంది. తేనె రంగు, గోధుమ రంగు ఈ రెంటికీ మధ్య మంచి రాజీ.

మెత్తదనం టైరుతో మొదలవుతుంది

షోరూమ్‌లో పెద్ద చక్రాలున్న కారు ఠీవిగా కనిపిస్తుంది, కొనుగోలుదారు అదే అడుగుతారు. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. టైరు మీద 245/50 ఆర్ 18 అని ఉంటే, 245 మిల్లీమీటర్ల వెడల్పులో 50 శాతం, అంటే దాదాపు 122 మిల్లీమీటర్లు టైరు గోడ ఎత్తు. 245/40 ఆర్ 20 అని ఉంటే ఆ గోడ 98 మిల్లీమీటర్లే. రెండు టైర్ల మొత్తం ఎత్తు ఇంచుమించు సమానమే కాబట్టి రెండూ ఒకే కారుకు పట్టవచ్చు. కానీ రెండోదానిలో గుంతకూ నడుముకూ మధ్య ఉండే గాలి దిండు దాదాపు అంగుళం తగ్గిపోతుంది. గుంత అంచు తగిలి అల్లాయ్ చక్రం వంగేది, టైరు పక్క గోడ ఉబ్బేది కూడా ఇలాంటి చోటే. ఒకే మోడల్‌లో 18, 19, 20 అంగుళాల చక్రాలు దొరికితే చిన్నవి తీసుకోమనే నా సలహా. ఠీవి కొంచెం తగ్గుతుంది, ప్రయాణం చాలా మెరుగవుతుంది.

గాలి పోయినా నడిచే రన్‌ఫ్లాట్ టైర్లను కొన్ని కంపెనీలు, ముఖ్యంగా బీఎండబ్ల్యూ, చాలాకాలంగా బిగిస్తున్నాయి. పంక్చర్ అయినా గంటకు 80 కిలోమీటర్ల వేగానికి మించకుండా సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చన్నది వాటి ప్రయోజనం. రాత్రిపూట డోన్‌కూ గుత్తికీ మధ్య టైరు పోతే ఆ ప్రయోజనం చిన్నది కాదు. అయితే వాటి గోడలు గట్టిగా ఉండటం వల్ల చిన్న చిన్న గతుకులు లోపలికి ఎక్కువగా తెలుస్తాయి, దెబ్బతిన్న రన్‌ఫ్లాట్‌ను మన పంక్చర్ షాపుల్లో బాగు చేయించడం కుదరకపోవచ్చు, అదే సైజు టైరు ఊళ్లో దొరకకపోవచ్చు. స్టెప్నీ ఉందా, లేక గాలి కొట్టే పంపు ఒకటి ఇచ్చి సరిపెట్టారా అన్నది డిక్కీ అడుగు పలక ఎత్తి కళ్లతో చూసుకోండి.

ఎయిర్ సస్పెన్షన్ ఉంటే ఇనుప స్ప్రింగు స్థానంలో రబ్బరు గాలి సంచులు బరువును మోస్తాయి. వెనుక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండా సామాను పెట్టినా కారు వెనక్కి కుంగదు, ఎత్తైన స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడు మీట నొక్కి కారును పైకి లేపవచ్చు. పొడవైన సెడాన్లకు ఈ సంగతి చాలా ముఖ్యం, ఎందుకంటే ముందు, వెనుక చక్రాల మధ్య దూరం పెరిగిన కొద్దీ రహదారి మీద ఊగు తగ్గి హాయి పెరుగుతుంది, అదే కారణంగా కారు పొట్ట స్పీడ్ బ్రేకరుకు రాసుకుంటుంది. ఆ గాలి సంచులు ఏళ్లు గడిచాక పగులుతాయి, మార్చాలంటే పెద్ద ఖర్చు. వారంటీ ఉన్నంతకాలం అది వరం. ఆ తర్వాత ఎవరు భరిస్తారన్నది కొనేటప్పుడే ఆలోచించుకోవాలి.

పోల్చదగిన కార్లు

పొడవు పెంచిన జర్మన్ సెడాన్లు వెనుక సీటు యజమానికి మొదటి ఎంపిక. పుణె దగ్గర చాకన్‌లో బిగించే బెంజి ఈ-క్లాస్‌లో చక్రాల మధ్య దూరం 3,094 మిల్లీమీటర్లు, చెన్నై దగ్గర బిగించే బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లో 3,105 మిల్లీమీటర్లు. రెండూ 2024లో మన దేశంలోకి వచ్చాయి, అప్పటి షోరూమ్ ధరలు వరుసగా 78.5 లక్షలు, 72.9 లక్షలు. కొలతల్లో తేడా నామమాత్రమే. బెంజిలో వెనుక సీటు మోటారుతో 36 డిగ్రీల వరకు వాలుతుంది, తొడల కింద దిండు ముందుకు జరుగుతుంది. అనంతపురం నుంచి బెంగళూరు విమానాశ్రయానికి తెల్లవారుజామున బయలుదేరి ఒక కునుకు తీయాలనుకునేవారికి ఇది సరిగ్గా అతికినట్టు ఉంటుంది. బీఎండబ్ల్యూ పొడవు పెరిగినా నడపడంలో చురుకుదనం పోగొట్టుకోలేదు కాబట్టి, వారమంతా వెనుక కూర్చుని ఆదివారం స్టీరింగ్ పట్టుకోవాలనుకునేవారికి అది నప్పుతుంది. వెనుక సీటునే ప్రమాణంగా తీసుకుంటే నా ఓటు బెంజికి. రెండూ అయిదు మీటర్లకు పైబడిన పొడవున్నవి కాబట్టి, కడప, కర్నూలు పాతబస్తీ వీధుల్లో ఇల్లున్నవారు గేటు ముందు మలుపు కొలుచుకున్నాకే బయానా ఇవ్వండి.

లెక్సస్ ఈఎస్ 300హెచ్ దీనికి భిన్నమైన రకం. బెంగళూరు పక్కనున్న బిడదిలో బిగించిన ఈ కారులో 2.5 లీటర్ల పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు ఉంటుంది (ఇలాంటి కార్లనే హైబ్రిడ్ అంటారు), ప్లగ్ పెట్టి ఛార్జింగ్ చేయవలసిన పని లేదు. పట్టణంలో నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను ఆగిపోయి మోటారు మీద నడవడం వల్ల వచ్చే నిశ్శబ్దం డీజిల్ కారులో దొరకదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం ఇంజను ఒకే శ్రుతిలో మూలుగుతుంది, దూకుడుగా నడిపే డ్రైవరు ఉంటే ఈ కారు అందం పోతుంది. చక్రాల మధ్య దూరం 2,870 మిల్లీమీటర్లే కాబట్టి వెనుక కాళ్ల జాగా జర్మన్ కార్లంత ఉండదు. కానీ కుట్లు, మీటల నొక్కుడు, పలకల మధ్య సందులు ఒకే కొలతలో ఉండటం వంటి పనితనం విషయంలో ఈ ధరలో దీన్ని మించింది నాకు కనిపించలేదు. నెమ్మదిగా, పదేళ్లపాటు ఒకే కారు వాడే వైద్యుల కుటుంబానికి నేను దీన్నే సిఫారసు చేస్తాను.

ఎస్‌యూవీల్లో వోల్వో ఎక్స్‌సీ90, ఆడి క్యూ7, బెంజి జీఎల్‌ఈ, బీఎండబ్ల్యూ ఎక్స్5 ఒకదాని పక్కన ఒకటి నిలిచేవి. పులివెందుల, జమ్మలమడుగు, మైదుకూరు చుట్టుపక్కల పల్లెలకు వారంలో నాలుగు రోజులు పోయేవారికి సెడాన్ మాట ఎత్తను. వీటిలో ఎయిర్ సస్పెన్షన్ ఉన్న వేరియంట్‌నే తీసుకోవాలి, అది లేని ఎత్తైన బండి గతుకుల మీద తలను అటూ ఇటూ విసురుతుంది. నాలుగింటిలో ముందు సీట్ల సుఖం వోల్వోది. నడుముకు ఆనే తీరు వేరే స్థాయిలో ఉంటుంది, గేరు మీట స్వీడన్‌కు చెందిన ఓరెఫోర్స్ గాజుతో చేసింది కావడం ఒక ముచ్చట. ఆ గాజు ఎండలో నిలిపిన కారులో చెయ్యి పెడితే చురుక్కుమంటుందని కూడా తెలుసుకోవాలి. వోల్వో, ఆడిలలో మూడో వరుస పిల్లలకే సరిపోతుంది.

ఎంపీవీలను, అంటే మూడు వరుసల సీట్లుండే వ్యాన్ తరహా కార్లను, లగ్జరీ కార్లుగా ఒప్పుకోవడానికి మన వాళ్లు ఇంకా వెనుకాడుతున్నారు, వ్యాన్‌లో పోతున్నట్టుంటుందని అంటారు. సుఖం ఒక్కటే కొలమానమైతే టయోటా వెల్‌ఫైర్‌ను ఇంతకుముందు చెప్పిన ఏ కారూ దాటలేదు. తలుపు పక్కకు జరుగుతుంది, మెట్టు తక్కువ ఎత్తులో ఉంటుంది, పెద్దవాళ్లు నడిచి లోపలికి పోయినట్టే పోయి కూర్చుంటారు, రెండో వరుస సీట్లు కాళ్ల కింద దిండుతో సహా వాలుతాయి. ఇది పూర్తిగా జపాన్ నుంచి దిగుమతి అయ్యే కారు, 2023లో దాని ధర దాదాపు 1.2 కోట్ల దగ్గర మొదలైంది. అంతలో సగానికి పైగా ధరకు, అంటే 2024 అక్టోబరులో 63.9 లక్షలకు వచ్చిన కియా కార్నివాల్ 2.2 లీటర్ల డీజిల్ ఇంజనుతో, గాలి ఆడే రెండో వరుస సీట్లతో, కాళ్ల దిండుతో వెల్‌ఫైర్ ఇచ్చే సుఖంలో ఎక్కువ భాగాన్ని అందిస్తుంది. చేతికి తగిలే పలకల నాణ్యతలో, నిశ్శబ్దంలో తేడా ఉంది. ఆ తేడాకు మరో అరకోటి పైన పెట్టాలా అన్నది ఎవరికి వారు చెప్పుకోవలసిన మాట. కియా కర్మాగారం మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోనే ఉండటం, జిల్లా కేంద్రాల్లో వర్క్‌షాప్‌లు ఉండటం కార్నివాల్‌కు కలిసివచ్చే సంగతులు. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో మాత్రం ఇలాంటి ఎత్తైన బండి పక్కకు ఒరుగుతుంది. వెనుక ఎవరికైనా కడుపులో తిప్పే అలవాటుంటే, ఘాట్ దగ్గర ఆగి పాలకోవా కొనేటప్పుడు కొంచెం జాగ్రత్తగా ఉండమనండి.

ధరల గురించి రెండు ముక్కలు. పైన చెప్పినవి విడుదల నాటి షోరూమ్ ధరలు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై సెస్ తీసేసి జీఎస్టీని 40 శాతంగా నిర్ణయించారు కాబట్టి తాజా ధర అడిగి తెలుసుకోవాలి. దాని మీద లైఫ్ టాక్స్, బీమా కలిస్తే లెక్క బాగా మారిపోతుంది. పది లక్షలు దాటిన కారుకు షోరూమ్ వారు అమ్మకం దగ్గరే వసూలు చేసే ఒక శాతం పన్నును (టీసీఎస్) ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, ఆ రసీదు మీ ఆడిటరుకు ఇవ్వడం మరవకండి.

సర్వీసు ఎంత దూరం

జర్మన్ కార్లకు, వోల్వోకు, లెక్సస్‌కు మన జిల్లాల వాళ్లు ప్రధానంగా హైదరాబాద్, బెంగళూరులనే ఆశ్రయిస్తారు. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ ఒక్కొక్కటి సుమారు 215 కిలోమీటర్లు. ఏడాదికొకసారి సర్వీసుకు ఇది పెద్ద ఇబ్బంది కాదు, డ్రైవరు పొద్దున పోయి రాత్రికి వస్తాడు. ఇబ్బంది దారిలో ఆగిపోయినప్పుడే వస్తుంది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కార్లను, హైబ్రిడ్లను తాడు కట్టి లాక్కుపోతే గేర్‌బాక్స్, మోటార్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. వాటిని లారీ పలక మీదికి ఎక్కించే తీసుకుపోవాలి. కొనేముందే రోడ్‌సైడ్ సహాయం మీ ఊరి పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా, లారీ ఎన్ని గంటల్లో వస్తుంది, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితం అన్నవి కాగితం మీద రాయించుకోండి. నోటి మాటగా చెప్పిన హామీలు సేల్స్ మేనేజరు మారగానే మారిపోతాయి.

పాత కారు కొనేవారికి

కార్నివాల్ ధరకు అయిదారేళ్ల బెంజి ఎస్-క్లాస్, బీఎండబ్ల్యూ 7 సిరీస్ దొరుకుతాయి. బెంగళూరు నుంచి అలా తెచ్చుకున్నవారు మన దగ్గర తక్కువేమీ కాదు. సుఖం, పనితనం కొత్త ఈ-క్లాస్ కంటే మెట్టు పైనే ఉంటాయి. చూడటానికి వెళ్లినప్పుడు ముందు రోజు సాయంత్రం కారును సమతలమైన చోట నిలిపించి, చక్రానికీ పై వంపుకూ మధ్య దూరాన్ని నాలుగు మూలలా కొలిచి, మరుసటి ఉదయం స్టార్టు చేయకముందే మళ్లీ కొలవండి. ఒక మూల కుంగి ఉంటే గాలి సంచి కారుతోందని అర్థం. కర్ణాటక, తెలంగాణ నంబరుతోనే తిప్పుకోవచ్చులే అన్న బేరగాళ్ల మాట నమ్మవద్దు; కారును పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి, పాత రాష్ట్రం రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) తెచ్చుకోవాలి, ఇక్కడి లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కూడా కలుపుకున్నాకే బేరం లాభమా అన్నది తేలుతుంది.

డెలివరీ రోజు

కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఫొటోలు అన్నీ తనిఖీ అయ్యాకే పెట్టుకోండి. షోరూమ్ దీపాల కింద రంగులో తేడా తెలియదు కాబట్టి కారును పగటి వెలుతురులోకి తెప్పించి, తలుపుల చుట్టూ, బానెట్ చుట్టూ ఉండే సందులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా, బంపరు రంగు పక్క రేకుతో కలుస్తోందా చూడండి. వెనుక సీటును పూర్తిగా వాల్చి లేపండి, ఉన్న సన్‌షేడ్‌లన్నీ దించి ఎత్తండి. ఆ తర్వాత వంగి, స్టెప్నీ ఉంటే దానితో సహా అన్ని టైర్ల మీదా ‘డాట్’ అన్న అక్షరాల వరుస చివర ఉండే నాలుగంకెలు చదవండి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2225 అని ఉంటే అది 2025లో ఇరవై రెండో వారంలో తయారైన టైరు. కారు తయారీ నెల కంటే టైరు తేదీ ఏడాదికి పైగా వెనుకబడి ఉంటే, టైర్లు మార్చి ఇచ్చేదాకా సంతకం ఆపండి.